తలుపు అవతలి గొంతు

"సామీ, సత్యం తెలిస్తే భయం పోతుందని మీరు చెప్తారు గదా. నేను మా బిడ్డకు నాలుగు నెలల నుంచి సత్యమే చెప్తాండా. దాని భయం ఎందుకు పెరుగుతోంది?"

ఓబుళపతి ఈ ప్రశ్న అడిగింది జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం, జమ్మిగుట్ట మీద, రాతిచరియకు ఆనించి వేసిన బోదగడ్డి పాకలో. అతని గొంతులో శిష్యుడికి ఉండవలసిన వినయం ఉంది. దాని అడుగున నిష్ఠూరం కూడా ఉంది. ఎనిమిదేళ్లుగా ఈ పాకలో కూర్చుని విన్న మాటలు తన ఇంట్లో, తన సొంత బిడ్డ దగ్గరే పనికిరాకుండా పోయాయన్న నిష్ఠూరం అది.

కంబగిరి సామి ఒకప్పుడు గొర్రెలు కాచుకున్న మనిషి. అక్షరం ముక్క రాదు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు పదిమందికి మించరు. చుట్టుపక్కల పల్లెల రైతులు, ఇద్దరు ముగ్గురు నేతపనివాళ్లు, ఒక టపా మోసే మనిషి. వాదించే అలవాటు ఆయనకు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే అడిగినవాడి ముఖంలోకి చాలాసేపు చూసేవాడు. తర్వాత వాడితో కలిసి ఏదో ఒక పనికి పూనుకునేవాడు. జవాబు ఆ పనిలో ఎక్కడో దొరికేది. దొరక్కపోతే దొరకలేదనే ఒప్పుకునేవాడు. ఆ మధ్యాహ్నం కూడా ఆయన ఓబుళపతి ముఖంలోకి చూసి, "ఏం సత్యం చెప్తాండావు?" అని మాత్రం అడిగాడు.

"దయ్యం లేదని సామీ."

"ఉండాదని దానికి ఎవరు చెప్పిరి?"

ఓబుళపతి తల దించుకున్నాడు. "నేనే" అన్నాడు.

అది నిజమే. గడ్డమీదిపల్లెలో ఓబుళపతి ఇల్లు ఊరికి ఎడంగా, చేను అంచున ఉంటుంది. పెరట్లో బర్రెల కొట్టం, కొట్టానికి ఇవతల ఒక పాతబావి. ఆ బావికి గట్టు లేదు. అతని కూతురు చెన్నమ్మకు అయిదో ఏట ఒక అలవాటు పట్టుకుంది. రాత్రిపూట నిద్రలోంచి లేచి, పక్కన తల్లి కనపడకపోతే తలుపు తీసుకుని చీకట్లోకి నడిచిపోయేది. రెండుసార్లు బావి అంచు దాకా పోయింది. ఓబుళపతి గొంతు మంచిది. తత్వాలు పాడతాడు. శుక్రవారం శుక్రవారం గుట్ట మీద రాత్రంతా సాగే పాటలకు అతను లేకపోతే కుదరదు. అతను లేని రాత్రుల్లో బిడ్డ బయటికి పోకుండా ఉండాలి. అందుకని ఒకనాటి సాయంత్రం దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మంచి కథకుడు చెప్పినట్టే చెప్పాడు. చీకటి పడితే బయట ఒకటి తిరుగుతుంది. అది మనకు కావలసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది. అమ్మ గొంతుతో పిలిచినా పలకకూడదు. పలికితే నోరు పడిపోతుంది, తలుపు తీస్తే ఎత్తుకుపోతుంది. ఒంటరిగా ఉంటే గడియ వేసుకుని చెవులు మూసుకోవాలి. తెల్లవారితే దానికి బలం ఉండదు. బిడ్డ కళ్లు ఇంతింత చేసుకుని వినింది. ఆ తర్వాత ఏ రాత్రీ పక్క దిగలేదు. తన ఉపాయం పారిందని ఓబుళపతి సంతోషించాడు. గుట్ట మీద నలుగురితో చెప్పుకుని నవ్వాడు కూడా.

కార్తీకమాసంలో ముసురు పట్టిన ఒక శుక్రవారం అతను గుట్టకు బయలుదేరుతుంటే భార్య సుంకమ్మ అడ్డం వచ్చింది. "బర్రె ఈ రాత్రికే ఈనేటట్టుండాది. ఈ వొక్క పొద్దూ ఉండరాదా" అంది. "ఈనితే నువ్వుండావు గదా" అని అతను గొంగళి తల మీద వేసుకుని వెళ్లిపోయాడు. తెల్లవారుజామున పాలకోసం చెంబు పట్టుకుని వచ్చిన పక్కచేని బాలవ్వకు సుంకమ్మ గడప మీద పడి కనపడింది. కాలి మడమ దగ్గర రెండు గాట్లు ఉన్నాయి. తర్వాత ఊరివాళ్లు కొట్టంలో గడ్డివామి తిరగేసి కట్లపామును కొట్టి చంపారు. బాలవ్వ కేకలు పెడుతుంటే లోపలినుంచి గడియ తీసుకుని చెన్నమ్మ బయటికి వచ్చింది. బాలవ్వ చీర చెరగు బిడ్డ కళ్లకు అడ్డం పెట్టి ఎత్తుకుపోయింది. "పాము ముట్టగానే పానం పోయింటాది. బిడ్డ నిద్రలో ఉండాది, ఏమీ ఎరగదు, అంతమటుకు మేలు" అని ఊరంతా అనుకున్నారు. ఓబుళపతి ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. ఆ మాట లేకపోతే ఆ పది రోజులు అతను గడపలేకపోయేవాడు.

కర్మకాండ అయిన మరునాటి నుంచి మొదలైంది. దీపాలవేళ కాగానే ఏడేళ్ల పిల్ల ఇంట్లోని సామాన్లన్నీ ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టేది. చాట, పీట, బట్టలమూట, జొన్నల డబ్బా, ఏది అందితే అది. మూలకు పోయి రెండు చెవులూ మూసుకుని కూర్చునేది. నడిరాత్రి దాటితే కేకలు. "తీయొద్దు, తీయొద్దు" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయేది. పక్క తడిపేది. పగలు అన్నం ముందు కూర్చుని నిద్రలోకి జారిపోయేది. నెల తిరిగేసరికి చేతులు పుల్లల్లా అయినాయి. బాలవ్వ తాయెత్తు కట్టించింది. దిగదుడిచి మూడుదారుల్లో పారబోసింది. ఆఖరికి పొరుగూరినుంచి ఒకణ్ణి పిలిపిస్తే వాడు పసుపుకొమ్ము కాల్చి పిల్ల మణికట్టు మీద వాత పెట్టాడు. వాడు వాత పెట్టేటప్పుడు ఆ చెయ్యి కదలకుండా పట్టుకున్నది ఓబుళపతే. ఆ రాత్రి బిడ్డ కేకలు పెట్టలేదు. నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా, తెల్లవార్లూ వణికింది. అది చూశాక ఓబుళపతి తనను తాను అసహ్యించుకున్నాడు. ఇంత జ్ఞానం విని ఇదా నేను చేసింది అనుకుని, ఇకమీదట సత్యమే చెప్పాలని నిశ్చయించుకున్నాడు. రోజూ రాత్రి లాంతరు పట్టుకుని తలుపు బార్లా తెరిచేవాడు. "చూడు, ఏమన్నా ఉండాదా? దయ్యం లేదు. నేను నీకు అబద్ధం చెప్పినా. ఆ మాట మరిచిపో" అనేవాడు.

"అట్ల చెప్తే ఊరట కలగాల గదా సామీ" అన్నాడు ఓబుళపతి. "దానికి రోషం వస్తాది. మీదపడి కొరుకుతాది. 'ఉండాది, దయ్యం ఉండాది, నువ్వే చెప్పినావు' అని నాతో పోట్లాడుతాది. ఉండాదని నా చేత అనిపించాలని చూస్తాది. దయ్యానికి భయపడే బిడ్డ దయ్యం ఉండాలని ఎందుకు కోరుకుంటాది?"

కంబగిరి సామి అప్పుడు చూపు తిప్పుకున్నాడు. చాలాసేపు గుట్ట కిందికి, ఎండలో తెల్లగా కనపడుతున్న బాట వైపు చూశాడు. లేచి చేతికర్ర అందుకుని, "పద, మీ ఇంటికి పోదాం" అన్నాడు.

వాళ్లు గడ్డమీదిపల్లె చేరేసరికి పొద్దు వాలింది. పెరట్లోకి అడుగుపెట్టగానే సామి బావి దగ్గర ఆగి, వంగి లోపలికి చూశాడు. "దీనికి గట్టు కట్టాలంటే ఎన్ని దినాలు పడతాది?" అని అడిగాడు. "రాయి చేనులోనే ఉండాది సామీ. రెండు దినాలు" అన్నాడు ఓబుళపతి. ఆ మాట ఓబుళపతికి ఇంట్లోకి నడిచినంతసేపూ కాలిలో ముల్లులాగా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రాత్రి సామి గోడకు ఆనుకుని కూర్చుని జరిగేదంతా చూశాడు. అడ్డం రాలేదు, ఓదార్చలేదు. నడిరాత్రి కేకలు మొదలైనాయి. ఓబుళపతి అలవాటు ప్రకారం లాంతరు ఎత్తి తలుపు తెరిచి దయ్యం లేదన్నాడు. పిల్ల ఉందని అరిచింది. తెరిచిన తలుపులోంచి దాని చూపు చీకట్లోకి, కొట్టం వైపుకు, బావి వైపుకు పోవడం లేదు. కిందికి, గడప మీదికి పోతున్నది. ఓబుళపతి ఇన్ని నెలలూ లాంతరు పైకెత్తి పట్టుకున్నాడు గనక ఆ సంగతి చూడలేదు. సామి నేలమీద కూర్చున్నాడు గనక చూశాడు. మరునాడు పగలు కూడా పిల్ల గడప తొక్కకుండా ఎగిరి దాటడం ఆయన కంటపడింది.

ఆ పగలంతా సామి చెన్నమ్మ పక్కన కూర్చుని విత్తనానికి సెనక్కాయలు ఒలిచాడు. పిల్ల మొదట దూరంగా జరిగింది. ఆయన ఏమీ అడగకపోయేసరికి మళ్లీ దగ్గరికి జరిగింది. పగిలిన గింజలు ఒకవైపు, మంచివి ఒకవైపు వేయడం ఆయనకు సరిగా రాదని కనిపెట్టి దిద్దింది. సాయంత్రానికి ఆయన్ని తాతా అని పిలిచింది. ఓబుళపతి చేనునుంచి వచ్చి, బిడ్డ ఎవరితోనో మాట్లాడటం విని, వాకిట్లోనే నిలబడిపోయాడు.

అన్నాలైనాక సామి అతణ్ణి బయటికి పిలిచాడు. "ఈ పొద్దు నువ్వు బయట పడుకో, గడప దగ్గర. లోపల నేనుంటా. తలుపు తట్టొద్దు. నువ్వై నువ్వు మాట్లాడొద్దు. నిన్ను అడిగితే మాత్రం జవాబు చెప్పు."

"ఎవరు అడుగుతారు సామీ?"

"అడిగితే" అని మాత్రం చెప్పి ఆయన లోపలికి పోయాడు. లోపల గడియ పడిన చప్పుడు వినపడింది. తర్వాత చాట, పీట, డబ్బా ఒక్కొక్కటే తలుపు దగ్గరికి ఈడ్చుకొస్తున్న చప్పుడు.

ఓబుళపతి గడప పక్కన పైపంచె పరచుకుని పడుకున్నాడు. భార్య పోయిన తర్వాత అతను ఆ చోట ఒళ్లు వాల్చడం అదే మొదలు. గాలి లేదు. కొట్టంలో బర్రె నెమరు వేస్తున్నది. తలుపు మూసి ఉంటే తన ఇల్లు బయటినుంచి ఇంత చీకటిగా, ఇంత గట్టిగా ఉంటుందని అతనికి ఎప్పుడూ తెలియదు. నడిరాత్రి కావచ్చింది. లోపల కదలిక. బిడ్డ మూలుగు మొదలై, కేక కాబోతున్నది. అప్పుడు సామి గొంతు, పగలు సెనక్కాయలు ఒలిచేటప్పటి గొంతే, నిదానంగా అడిగింది.

"ఎవరొచ్చిరి పాపా?"

"దయ్యం." బిడ్డ పళ్లు టకటకమంటున్నాయి.

"ఏమంటాది?"

"చెన్నీ, తలుపు తియ్యి మ్మా అంటాది. నీళ్లు అంటాది. తలుపు కొడతాది. మెల్లగా కొడతాది."

"ఎవరి గొంతు?"

"అమ్మ గొంతే. కానీ అమ్మ కాదు. అమ్మ అట్ల మాట్లాడదు. నాలిక తిరగకుండా, నిద్రలో మాట్లాడినట్ల పిలుస్తాది. గడియ నేనే వేసినా తాతా. లేచి చూస్తే అమ్మ లేదు, తలుపు వారగా ఉండాది, అందుకని వేసినా. అప్పుడు వచ్చినాది. నేను పలకలేదు. చెవులు మూసుకున్నా. శానాసేపు పిలిచినాది. తర్వాత పిలవలేదు."

తలుపు ఇవతల ఓబుళపతి లేచి కూర్చున్నాడు. కట్లపాము కరిస్తే మనిషికి వెంటనే ప్రాణం పోదని, ముందు కళ్లు వాలి, నాలుక మొద్దుబారి, మాట ముద్దైపోతుందని అతనికి తెలుసు. పల్లెలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలిసీ, పాము ముట్టగానే పోయిందని నలుగురు అన్న మాటను పట్టుకుని ఇన్ని నెలలు నిద్రపోయాడు. సుంకమ్మ కొట్టంనుంచి నడిచి వచ్చింది. ఈ గడప దాకా వచ్చింది. పిలిచింది. నీళ్లు అడిగింది. ఎంతసేపు? బిడ్డకు లెక్క తెలియదు. తను ఆ సమయానికి గుట్ట మీద ఏ పాట ఎత్తుకుని ఉన్నాడో అతను గుర్తు తెచ్చుకోబోయి, గుర్తు రాకూడదని గట్టిగా కోరుకున్నాడు.

లోపల బిడ్డ గొంతు ఏడుపులోకి దిగింది. "అమ్మ కాదు గదా తాతా? దయ్యమే గదా? నాయనేమో దయ్యం లేదంటాడు. దయ్యం లేకపోతే మరి పిలిచింది ఎవరు?"

ఆ ప్రశ్న నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఉంది. అతను లాంతరు పట్టుకుని దయ్యం లేదని చెప్పిన ప్రతి రాత్రీ ఆ బిడ్డ దానికి తానే జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఓబుళపతికి ఇప్పుడు అర్థమైంది. అర్థమైనందువల్ల అతనికి ఏ మేలూ కలగలేదు.

"నాకు తెలీదు పాపా. ఆ పొద్దు నేను ఈడ లేను" అన్నాడు సామి.

"నాయన కూడా లేడు. యాడికి పోయినాడు?"

"నా దగ్గరికి వచ్చినాడు. నడిరేయి లేచి ఇంటికి పోతానన్నాడు. ఇంకొక పాట పాడి పో అని కూచోబెట్టింది నేనే." ఆయన గొంతు మారలేదు. "తలుపు తీయొద్దని నీకు చెప్పినాయన బయట ఉండాడు. ఆయన్ని అడుగు."

సామాన్లు జరిగిన చప్పుడైంది. చిన్న అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. కిందినుంచి, గడప ఎత్తునుంచి బిడ్డ గొంతు వచ్చింది. నేలమీద పడుకుని తలుపు సందులోంచి అడుగుతున్నట్టుంది.

"నాయనా. అమ్మ కాదు గదా?"

కాదు అనే ఒక్క మాట చాలు. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే బిడ్డ ఈ రాత్రి నిద్రపోతుంది. రేపు రాత్రి కూడా పోవచ్చు. దయ్యానికి ఒక తాయెత్తు ఉంటుంది, ఒక గడియ ఉంటుంది, తెల్లవారితే దానికి బలం ఉండదు. అమ్మను ఏ గడియ ఆపుతుంది? ఏ తెల్లవారుజాము తీసుకుపోతుంది? ఓబుళపతి రెండు చేతులూ గడప మీద ఆనించి, ముఖం సందు దగ్గరికి తెచ్చాడు. లోపల బిడ్డ ఊపిరి వినపడుతున్నది. అది కాచుకుని ఉంది.

"అమ్మే చెన్నీ" అన్నాడు. "అమ్మే పిలిచింది."

అతను ముఖం సందుకు ఇంకా దగ్గరగా జరిపాడు.

"తీయొద్దని చెప్పింది నేను మ్మా. అమ్మ గొంతుతో పిలిచినా తీయొద్దని చెప్పింది నేను. నువ్వు నాయన మాట విన్నావు. అది అబద్ధం. నువ్వు బావిలో పడతావని భయపడి నేను కల్పించి చెప్పిన అబద్ధం."

ఎంతసేపటికో బిడ్డ అడిగింది. "నేను తీసింటే అమ్మ బతికేదా?"

ఇక్కడ కూడా లేదు అని చెప్పవచ్చు. అతను చెప్పలేకపోయాడు. "తెలీదు మ్మా. ఎవురికీ తెలీదు. నేను ఇంట్లో ఉండింటే నేను తీసేవాణ్ణి. నేను లేను."

అప్పుడు చెన్నమ్మ ఏడ్చింది. అది రోజూ రాత్రి వినే కేక కాదు. తల్లి పోయిన తర్వాత మొట్టమొదటిసారి ఆ బిడ్డ అమ్మా అని ఏడ్చింది. ఊరికి ఎడంగా ఉన్న ఆ ఇంట్లో, మూసిన తలుపు అవతల, చాలాసేపు ఏడ్చింది. లోపల సామి ఊరుకోమని చెప్పిన మాట వినపడలేదు. బయట ఓబుళపతి తలుపును భుజంతో తొయ్యబోయి ఆగాడు. గడియ లోపల ఉంది. అది తన చేతిలో లేదు.

తూర్పున ఇంకా వెలుగు రాలేదు. గడియ తీసిన చప్పుడైంది. చెన్నమ్మ బయటికి రాలేదు. తలుపు సందులో నిలబడి గడప వైపు చూసింది. "ఈడనేనా?" అని అడిగింది. అతను తలూపాడు. పిల్ల మెల్లగా వంగి గడప మీద చెయ్యి పెట్టింది. తర్వాత దాని పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు ముసురు పట్టింది గదా నాయనా" అంది. "అమ్మ తడిసింటాది."

ఓబుళపతి పైపంచె తీసి బిడ్డ చుట్టూ కప్పాడు. అది తోసెయ్యలేదు. అతని మీదికి ఒరగనూ లేదు. తెల్లవారేదాకా ఇద్దరూ అట్లాగే, మధ్యన జానెడు ఎడంతో, ఆ గడపకు చెరొక పక్క కూర్చున్నారు. తెల్లవారగానే సామి చేతికర్ర తీసుకుని, బాట పట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు చెన్నమ్మ తండ్రితో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది. చేనికి పిలిస్తే వచ్చేది. మాట మాత్రం బాలవ్వతోనే. ఓబుళపతి బతిమాలలేదు. మొదటి రెండు రోజుల్లో చేనిలోని రాళ్లు మోసుకొచ్చి బావికి గట్టు కట్టాడు. చెప్పిన లెక్కకు సరిగ్గా రెండు రోజులే పట్టింది. రెండో రోజు సాయంత్రం గట్టు పూర్తయి చేతులు కడుక్కుంటున్నప్పుడు అతను గట్టు మీద తల ఆనించి ఏడవడం బాలవ్వ చూసింది, చూడనట్టు ఇంట్లోకి పోయింది. పన్నెండో రోజు పొద్దున చెన్నమ్మ జడ వేయమని అతని దగ్గరికి దువ్వెన పట్టుకుని వచ్చింది. అతనికి జడ వేయడం రాదు. మూడుసార్లు విప్పి వేశాడు.

గుట్ట మీద కూడా ఒక మార్పు వచ్చింది. రాత్రి పాటలు ఆగిపోయాయి. ఎందుకని ఎవరూ అడగలేదు, సామి చెప్పలేదు. దీపాలవేళకు ముందే ఆయన అందర్నీ పేరు పేరునా లేపి ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు.

మళ్లీ కార్తీకం వచ్చింది. సుంకమ్మ సంవత్సరీకం పెట్టిన నాలుగోనాడు ఓబుళపతి గుట్టకు వచ్చాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. సామికి దణ్ణం పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

"తలుపుకు అడ్డం పెట్టడం మానేసింది సామీ. పక్క తడపదు. అన్నం తింటాది. కానీ భయం పూర్తిగా పోలేదు. ముసురు పట్టిన రాత్రి ఉలిక్కిపడి లేచి కూచుంటాది. ఎవరో పిలిచినారంటాది. నిన్న రాత్రి కూడా లేచింది. సత్యం చెప్పినా గదా. ఇంకా ఎన్నాళ్లకు పోతాది సామీ?"

కంబగిరి సామి అతని ముఖంలోకి చూశాడు. "లేచినప్పుడు ఏం జేస్తాది?"

"నాయనా అని పిలుస్తాది."

బయట సన్నగా తుంపర మొదలైంది. కొండ అంచున పొద్దు కిందికి జారుతున్నది. సామి మూలనున్న గొంగళి తీసి అతని చేతికిచ్చాడు.

"అయితే ఈడేం జేస్తాండావు? పొద్దు గూకుతాంది."